కలిపితే వ్యాప్తి మారదండీ

కొత్తగా లెక్కల టీచర్లుగా చేరిన అమ్మాయిలు ఆదివారం చర్చి అయ్యాక అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్ గారూ, పిల్లలకి ఏ పాఠం కష్టమండీ?" అని అడుగుతారు. పిల్లలకి ఏదీ కష్టం కాదమ్మా, పెద్దవాళ్లకే కష్టం అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

సాంఖ్యకశాస్త్రంలో అన్నిటికన్నా చిన్న పాఠం వ్యాప్తి. ఇచ్చిన విలువల్లో అన్నిటికన్నా పెద్దదానిలోంచి అన్నిటికన్నా చిన్నది తీసేస్తే వచ్చేదే వ్యాప్తి. ఒక్క తీసివేత. గుణకారం కూడా లేదు. ఆ ఒక్క తీసివేత దగ్గర మా స్కూల్లో ఒక పోస్టు పోయింది, ఒక మంచి మాస్టారు ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది, సర్వీసు చివర్లో నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అందుకే చెబుతున్నాను. మీకు ఇలాంటిది రాదని అనుకోకండి. వస్తుంది.

నా ఆఖరి పోస్టింగు రాజోలు అవతల కాలవగట్టు మీద ఉన్న హైస్కూలు. ఆ ఏడాది వేసవి సెలవుల్లో, గోదావరి పాయ మధ్యలో ఉన్న లంక ఊరి స్కూల్ని మా స్కూల్లో కలిపేశారు. అక్కడి పిల్లలు రోజూ పొద్దున్నే పంటి, అంటే రేవు దాటించే బల్లకట్టు పడవ, ఎక్కి ఏరు దాటి, రేవు నుంచి నడిచి మా స్కూలుకి రావాలి. వాళ్లతో పాటు వాళ్ల లెక్కల మాస్టారు కూడా వచ్చారు. నాకన్నా బాగా చిన్నవాడు. సొంతూరు ఆ లంకే. కొబ్బరి తోట ఉంది, అరటి తోట ఉంది, భార్య ఇటువైపు ప్రభుత్వాసుపత్రిలో నర్సు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు.

మనిషి ఎంత మంచివాడంటే, ఆ మంచితనమే తర్వాత నా ప్రాణం తీసింది. లంక స్కూల్లో ఆయన లెక్కలూ చెప్పేవారు, ఇన్‌చార్జి హెడ్మాస్టరూ ఆయనే, మధ్యాహ్న భోజనం ఫొటోలూ ఆయనే, మరుగుదొడ్ల ఫొటోలూ ఆయనే. వరదలొస్తే స్కూలు సామానంతా నెత్తిన పెట్టుకుని మెరక మీదికి మోసిందీ ఆయనే. ఇన్ని పనుల మధ్య పాఠం ఎప్పుడు చెప్పేవారో దేవుడికి తెలియాలి. పిల్లలు మాత్రం ఆయన్ని వదిలేవారు కాదు.

మా హెడ్మాస్టరు గారు ఇంకో రకం. ఎవరు ఏం చెప్పినా "ఆయ్, నిజమేనండీ" అంటారు. ఆ వెంటనే దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఇంకొకరు చెప్పినా "ఆయ్, అదీ నిజమేనండీ" అంటారు. ఆయనకి కోపం రాగా ఎవరూ చూడలేదు. నిర్ణయం తీసుకోగా కూడా ఎవరూ చూడలేదు.

బడి తెరిచిన కొత్తలో రెండు స్కూళ్ల తొమ్మిదో తరగతి పిల్లలకీ ఒకే పరీక్ష పెట్టమన్నారు. వందకి పెట్టాం. మా పిల్లల్లో అందరికన్నా తక్కువ నలభై నాలుగు, ఎక్కువ డెబ్బై నాలుగు. లంక పిల్లల్లో తక్కువ పన్నెండు, ఎక్కువ నలభై రెండు. తర్వాత పైనుంచి వాట్సాప్ గ్రూపులో ఒక ఆదేశం వచ్చింది. రెండు స్కూళ్ల పిల్లల్నీ కలిపి చూసినప్పుడు మార్కుల వ్యాప్తి యాభై దాటితే ఆ తరగతికి రెండు సెక్షన్లు, దాటకపోతే ఒక్కటే సెక్షను. ఒక్క సెక్షనైతే ఇద్దరు లెక్కల టీచర్లు అక్కర్లేదు. సర్వీసులో చిన్నవాళ్లు సర్‌ప్లస్‌లో వేరే చోటికి వెళ్లాలి.

ఈ కొలత కనిపెట్టినవారు ఎవరో నాకిప్పటికీ తెలియదు. తెలిస్తే ఒకసారి వెళ్లి కలవాలని ఉంది.

అయినా మాకు భయం లేదనుకున్నాను. డెబ్బై నాలుగులోంచి పన్నెండు పోతే అరవై రెండు. యాభై దాటింది. రెండు సెక్షన్లు, ఇద్దరం ఉంటాం. నేను నిశ్చింతగా ఎనిమిదో తరగతి క్లాసుకి వెళ్లిపోయాను. వ్యాప్తి ఎంతో విద్యాశాఖ పోర్టల్‌లో ఎక్కించే పని హెడ్మాస్టరు గారు లంక మాస్టారికి ఇచ్చారు, ఆయనకి ఫోను పని బాగా వచ్చు గనక. మధ్యాహ్నం కోడిగుడ్ల ఫొటోలు తీస్తూ తీస్తూ అదీ ఎక్కించేశారు.

టీ తాగేటప్పుడు అడిగాను. "ఎంత పెట్టేరు మాస్టారూ?"

"ముప్ఫయ్యండీ."

"ఏ ముప్ఫై?"

"మీ వ్యాప్తి ముప్ఫయ్యండీ, మా వ్యాప్తి ముప్ఫయ్యండీ. రెండూ కలిపినా ముప్ఫయ్యేనండీ."

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "అదెలాగండీ? మీవాళ్లలో తక్కువ పన్నెండు. మావాళ్లలో ఎక్కువ డెబ్బై నాలుగు. అరవై రెండు కదండీ రావాలి?"

ఆయన ఎంతో మర్యాదగా, నన్ను నొప్పించకూడదన్నట్టు నవ్వారు. "కలిపితే వ్యాప్తి మారదండీ. రూలండీ అది. మా కోచింగులో చెప్పేరండీ."

అప్పుడు అర్థమైంది నాకు సంగతి. ఆ రూలు ఉన్నమాట నిజమే. ఒక గుంపులో ప్రతి విలువకీ ఒకే సంఖ్య కలిపితే వ్యాప్తి మారదు. అందరికీ ఐదేసి మార్కులు గ్రేస్ కలిపారనుకోండి, పెద్దదీ ఐదు పెరుగుతుంది, చిన్నదీ ఐదు పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. ఆ కలపడం వేరు. రెండు గుంపుల్ని ఒకచోట చేర్చే ఈ కలపడం వేరు. మన తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఆ మాట పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి పిల్లలకి అదే చెబుతున్నారు.

ఇదంతా నేను విడమరచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "ఆయ్, మీరు పెద్దవారండీ. కానీ రూలు రూలేనండీ" అన్నారు.

"ఆ ముప్ఫై వల్ల పోయేది మీ పోస్టేనండీ! తెలుస్తోందా మీకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం మారిపోయింది. "తెలుసండీ. అయితే మాత్రం? పోస్టు పోతుందని లెక్క మార్చమంటారేంటండీ? నేనలాంటోణ్ణి కాదండీ."

ఇక చూడండి నా అవస్థ. తప్పు లెక్కని సరిదిద్దమంటే, నేను ఆయన్ని దొంగ లెక్క వేయమంటున్నానని ఆయన నమ్మకం. ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా ఆయన నిజాయితీకి కట్టుబడిపోతున్నారు. అన్యాయం చేసేవాడితోనైనా పోట్లాడవచ్చు గానీ, తన నోటి దగ్గరి కూడు తనే తోసేసుకుంటూ అదే ధర్మం అనేవాడితో ఏం చేస్తాం?

హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాను. "సార్, అరవై రెండండీ" అన్నాను.

"ఆయ్, నిజమేనండీ."

లంక మాస్టారు నా వెనకే వచ్చారు. "రూలు ప్రకారం ముప్ఫయ్యండీ."

"ఆయ్, రూలు కూడా చూడాలి కదండీ." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీరిద్దరూ లెక్కలవారు. ఇద్దరూ ఒక మాట మీదికి రండి. వచ్చిన రోజు ఎం.ఈ.ఓ. గారికి లెటరు పెట్టేస్తానండీ. అంతవరకూ పోర్టల్ తెరిచే ఉంటుందన్నారు."

అంటే లంక మాస్టారి పోస్టు నిలబెట్టాలంటే ముందు ఆయన్నే ఒప్పించాలి. సరే, ఒప్పిద్దామనుకున్నాను. ఇన్నేళ్లుగా రానివాళ్లకి లెక్కలు నేర్పాను, ఈయనకి నేర్పలేనా అనుకున్నాను.

ఒకరోజు స్టాఫ్ రూములో అడిగాను. "మాస్టారూ, మన హెడ్మాస్టరు గారికి యాభై తొమ్మిది, సోషల్ మేడమ్ గారికి యాభై ఏడు. వ్యాప్తి ఎంత?"

"రెండండీ."

"ఆరో తరగతిలో ఒకళ్లకి పదమూడు, ఒకళ్లకి పదకొండు. వ్యాప్తి?"

"రెండండీ."

"ఈ నలుగుర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెడితే?"

ఆయన కాసేపు ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది. "వయసులు వేరండీ, మార్కులు వేరండీ" అన్నారు. "మార్కులకి వంద అని హద్దు ఉంటుంది కదండీ. వయసుకి హద్దు లేదు కదండీ."

సోషల్ మేడమ్ గారు తన వయసు బయటపెట్టినందుకు నాతో వారం దాకా మాట్లాడలేదు. నాకు మిగిలిన ఫలితం అదొక్కటే.

ఆయన భార్య కూడా ఒకసారి నా దగ్గరికి వచ్చింది. ఆసుపత్రి డ్యూటీ దిగి, తెల్ల చీరలోనే, స్కూలు గేటు దగ్గర నిలబడింది. "మేడమ్ గారూ, మా ఆయన వేసిన లెక్క రైటాండీ?"

"కాదమ్మా."

"నాకూ అలాగే అనిపించిందండీ. చెప్పేనండీ. నువ్వు ఇంజెక్షన్లు చూసుకో అన్నారండీ." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాయవరం వైపు ఖాళీలున్నాయంటండీ. అటేసేస్తే చంటిదాన్ని పట్టుకుని ఒక్కదాన్నీ ఎలాగండీ? మీరే ఎలాగోలా..."

ఎలాగోలా. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అరవై రెండు అన్నది ఎలాగోలా వచ్చేది కాదు, ఉన్నదే అంత. అయినా ఆ అమ్మాయిని ఏమంటాను? చూద్దాంలే అని పంపించాను.

ఈలోగా పిల్లలు నలిగిపోతున్నారు. సెక్షన్ల సంగతి తేలేదాకా అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఇద్దరం రోజు మార్చి రోజు చెబుతున్నాం. సోమవారం ఆయన కలిపితే మారదంటారు. మంగళవారం నేను మారుతుందంటాను. ఒకమ్మాయి లేచి ఎంతో వినయంగా అడిగింది. "పరీక్ష పేపరు ఎవరు దిద్దుతారండీ? ఆళ్లు చెప్పిందే రాస్తామండీ."

నేను సుద్దముక్క కింద పడేసి బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను.

ఆ వారంలోనే అమలాపురం నుంచి డిప్యూటీ డీఈఓ గారు తనిఖీకి వచ్చారు. పాఠం చూస్తానన్నారు. ఆ రోజు క్లాసు లంక మాస్టారిది. డిప్యూటీ గారు, హెడ్మాస్టరు గారు, నేను వెనక బెంచీలో కూర్చున్నాం. వ్యాప్తి పాఠమే. పై ఆఫీసరు ముందు ఈయన ఆ రూలు చెబుతాడు, ఆఫీసరు సరే అంటాడు, ఇక దానికి తిరుగుండదు.

మాస్టారు బోర్డు మీద ఒక పక్క ఐదు మార్కులు వేశారు. నలభై నాలుగు, యాభై, యాభై ఎనిమిది, అరవై ఆరు, డెబ్బై నాలుగు. వ్యాప్తి ముప్ఫై. రెండో పక్క ఇంకో ఐదు. పన్నెండు, ఇరవై, ఇరవై ఏడు, ముప్ఫై ఐదు, నలభై రెండు. వ్యాప్తి ముప్ఫై. "ఇప్పుడు రెండూ కలుపుతున్నాం. వ్యాప్తి ఎంత ఉంటుందర్రా?" అన్నారు.

సగం మంది ముప్ఫై అన్నారు. సగం మంది నా వైపు చూశారు.

"చేసి చూపిస్తాను" అన్నారాయన.

ఆయనలో ఒక మంచి అలవాటు ఉంది. సాంఖ్యకంలో ఏ లెక్కయినా ముందు విలువలన్నీ ఆరోహణ క్రమంలో రాయనిదే మొదలుపెట్టరు. పిల్లలు ఎంత తొందరపెట్టినా సరే. ఆ రోజూ పదింటినీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఒకే వరసలో రాయడం మొదలెట్టారు. పన్నెండుతో మొదలై డెబ్బై నాలుగుతో వరస అయిపోయింది. "పెద్దది ఎంత?" అని అడిగారు. డెబ్బై నాలుగండీ అన్నారు పిల్లలు. "చిన్నది?" పన్నెండండీ. "తీసేస్తే..."

అక్కడ ఆగిపోయారు. బోర్డు వైపే తిరిగి నిలబడ్డారు. చెయ్యి బోర్డు మీదే ఉంది. చాలాసేపు అలాగే ఉండి, చివరికి ఇటు తిరిగారు. డిప్యూటీ గారి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. పిల్లల వైపు చూసి, "తప్పర్రా" అన్నారు. "నేను మీకు ఇన్నాళ్లూ చెప్పింది తప్పు. మేడమ్ గారు చెప్పిందే రైటు. పుస్తకాల్లో నేను చెప్పింది రాసుకున్నోళ్లు కొట్టేసుకోండి."

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో సంతోషం కలగలేదు. ఇన్ని రోజులు గొంతు చించుకున్నాను కదా, ఆ వరస ఏదో స్టాఫ్ రూములోనే ఒక కాగితం ముక్క మీద రాసుకోలేకపోయాడా మనిషి అని కోపం వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అవి కోపంవల్లే అని ఇప్పటికీ అంటాను.

డిప్యూటీ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నారు చూడండి, అదీ టీచరంటే!" హెడ్మాస్టరు గారు కూడా కొట్టారు.

గదిలోకి వెళ్లి కూర్చోగానే నేను సంగతంతా చెప్పాను. పోర్టల్‌లో ముప్ఫైని అరవై రెండు చేయించమన్నాను. డిప్యూటీ గారు కొబ్బరినీళ్లు తాగుతూ విన్నారు. "మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టండీ" అన్నారు. "కానీ నిన్న సాయంత్రంతో ఫ్రీజయిపోయిందండీ."

"మొన్నటిదాకా తెరిచే ఉందాండీ?"

"నిన్న మధ్యాహ్నం దాకా తెరిచే ఉందండీ."

"మీరు రాస్తే తెరవరాండీ?"

"ఎడిట్ ఆప్షన్ మా చేతుల్లో లేదండీ. పైన ఉంటుందండీ."

పైన ఎవరని అడిగాను. ఆయన సీలింగు వైపు చూశారు. హెడ్మాస్టరు గారు, "ఆయ్, నిజమేనండీ" అన్నారు.

లెటర్లు పెట్టాం. నేనూ లంక మాస్టారూ ఇద్దరం సంతకాలు పెట్టాం, ఇప్పుడు ఒక మాట మీదికి వచ్చాం కదా. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆయన్ని రాయవరం అవతల ఒక స్కూలుకి వేశారు. సోమవారం చీకటితో బయల్దేరి వెళ్తే మళ్లీ శనివారం రాత్రికే ఇల్లు. వెళ్లేముందు నాకు దండం పెట్టి, "తిడితే తిట్టండి మేడమ్ గారూ" అన్నారు. తిట్టడానికి ఎన్నో మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. జాగ్రత్తగా వెళ్లిరండి అన్నాను.

ఆ తర్వాత ఏడాదంతా నాదే. ఒక గది, ఒక సెక్షను, ఒక టీచరు. ఒక చివర డెబ్బై నాలుగు తెచ్చుకున్న అమ్మాయి, నేను లెక్క చదవడం పూర్తికాకముందే జవాబు చెప్పేసి పక్కపిల్లలతో కబుర్లు. ఇంకో చివర పన్నెండు తెచ్చుకున్న లంక అమ్మాయి. వరదలప్పుడు బడి మానేసిన రోజులు ఆ పిల్ల చదువులో అలాగే గుంటలు పడి ఉన్నాయి. అప్పు తెచ్చుకుని చేసే తీసివేత రాదు. తొమ్మిదో తరగతి పుస్తకం ముందేసుకుని మూడో తరగతి లెక్క దగ్గర కూర్చున్నాం ఇద్దరం. సాయంత్రం ఉంచుదామంటే పంటి వెళ్లిపోతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో లంక పిల్లల్ని కూర్చోబెట్టేదాన్ని. పై అమ్మాయికి వేరే లెక్కలు, కష్టమైనవి, ఇచ్చేదాన్ని. ఒకే పాఠం మూడు రకాలుగా చెప్పి చెప్పి ఇంటికెళ్లేసరికి మా ఆయనతో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

వార్షిక పరీక్షలయ్యాయి. పేపర్లు మా స్కూలువాళ్లు కాదు, బయటివాళ్లు దిద్దారు. పై అమ్మాయికి తొంభై తొమ్మిది. లంక అమ్మాయికి ముప్ఫై ఏడు. ముప్ఫై ఐదు వస్తే పాసు. క్లాసులో ఒక్కరు కూడా తప్పలేదు. హెడ్మాస్టరు గారు స్టాఫందరికీ జిలేబీ తెప్పించారు, సోషల్ మేడమ్ గారు స్వయంగా నా ప్లేటులో ఇంకోటి వేశారు.

జిలేబీ అరిగేలోపే నోటీసు వచ్చింది. మీ తొమ్మిదో తరగతిలో ఏడాది మొదట్లో మార్కుల వ్యాప్తి ముప్ఫై. ఏడాది చివర్లో అరవై రెండు. మీ బోధనలో విద్యార్థుల మధ్య అంతరం రెట్టింపు పైగా పెరిగింది. సంజాయిషీ ఇవ్వగలరు.

నేనది రెండుసార్లు చదివాను. తర్వాత చీర మార్చుకుని అమలాపురం బస్సెక్కాను.

డిప్యూటీ గారు అదే ఆయన. "మీ ముందే కదండీ ఆ మాస్టారు బోర్డు మీద చేసి చూపించేరు? మొదట్లోనూ అరవై రెండేనండీ!"

"గుర్తుందండీ, ఎందుకు లేదు? కానీ సిస్టమ్‌లో ముప్ఫయ్యే ఉందండీ."

"పోనీ, అరవై రెండే అనుకోండి."

ఆయన కాగితం మీద రాసుకున్నారు. "అప్పుడూ అరవై రెండు, ఇప్పుడూ అరవై రెండు. అయినా తగ్గలేదు కదండీ?"

"అడుగునున్న పిల్ల పన్నెండు నుంచి ముప్ఫై ఏడుకొచ్చిందండీ. పైనున్న పిల్ల కూడా పైకి వెళ్లింది. తేడా తగ్గాలంటే పై పిల్లని డెబ్బై దగ్గర ఆపెయ్యాలండీ. ఆపమంటారా? మీరు రాసివ్వండి, రేపటినుంచి ఆపేస్తాను."

ఆయన కలం మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. "అలా రాసివ్వలేనండీ" అన్నారు చివరికి. "మీరు సంజాయిషీ ఇచ్చేయండి. నేను ఫైలు క్లోజ్ చేసేస్తాను."

సంజాయిషీలో ఒక్క తీసివేత రాసిచ్చాను, ముప్ఫై ఏడులోంచి పన్నెండు పోతే ఇరవై ఐదు అని. కింద సంతకం పెట్టాను. నా సర్వీసులో నేను చేసిన ఆఖరి లెక్క అదే.

బస్టాండులో కూర్చుని లంక మాస్టారికి ఫోన్ చేశాను. ఎవరో ఒకరి మీద అరవకపోతే ఆ రోజు నాకు నిద్రపట్టదు, దీనికంతటికీ మూలం ఆయనే. ఆయన స్కూల్లోనే ఉన్నారు. జరిగింది చెప్పగానే నాకన్నా ఎక్కువగా మండిపడ్డారు. "అదేం లెక్కండీ, అన్యాయం! నేను సెలవు పెట్టి వస్తానండీ. డిప్యూటీ గారికి బోర్డు మీద వేసి మళ్లీ చూపిస్తానండీ."

"వద్దండీ బాబూ! మీరు మాత్రం రావద్దు."

నేను అసలు తిట్లు మొదలెడదామని ఊపిరి తీసుకున్నాను. ఈలోగా ఆయనే నెమ్మదిగా అడిగారు. "మేడమ్ గారూ, ఆ పన్నెండొచ్చిన పిల్లకి ఇప్పుడెంతన్నారండీ?"

"ముప్ఫై ఏడండీ."

"అంటే పాసాండీ?"

"పాసేనండీ."

లైను కట్టయిందేమో అనుకున్నాను. కాలేదు. ఫోను చెవి దగ్గర నుంచి తీసేసినట్టున్నారు, ఆపడం మర్చిపోయారు. నాకు ముక్కూ మొహం తెలియని ఆ స్టాఫ్ రూములో, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెబుతున్నారు. "మా లంక పిల్లండీ. తొమ్మిది పాసయ్యిందండీ. లెక్కల్లోనండీ."

రాజోలు బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. అది వెళ్లిపోయేదాకా ఆ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.